తండ్రి ఇల్లు, తండ్రి నాటి పన్ను

తల్లిదండ్రులు కన్నుమూసిన తరువాత బిడ్డలకు ఏమేమి వస్తాయి? ఇల్లు వస్తుంది. ఉంటే ఎకరమో అరెకరమో పొలం వస్తుంది. తీరని అప్పు ఉంటే అదీ వస్తుంది. ఇంటి పేరు, దానితోపాటు ఊరిలో ఉన్న మంచి పేరు వస్తాయి. వీటిని గురించి పెద్దల సమక్షంలో మాట్లాడుకుంటాము, కాగితాలు రాసుకుంటాము, ఒక్కొక్కసారి పోట్లాడుకుంటాము కూడా. కాని ఎవరమూ పెద్దగా మాట్లాడుకోని వారసత్వం ఒకటి ఉంది. అది తండ్రి కడుతూ వచ్చిన తక్కువ ఇంటి పన్ను. ఇల్లు బిడ్డ చేతికి వచ్చినప్పుడు ఆ తక్కువ పన్ను కూడా దాని వెంట రావడం న్యాయమేనా? ఇది మునిసిపల్ ఆఫీసులో తేలవలసిన సంగతిలా కనిపిస్తుంది గాని, నిజానికి మన మనస్సాక్షి ముందుకు రావలసిన ప్రశ్న. ఈ వారం దీనిని కొంచెం నిదానంగా ఆలోచించుదాం.

ముందు మన ఊళ్ల సంగతి చూద్దాం. పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో ఇల్లు ఉన్న ప్రతివారికీ మునిసిపాలిటీ ఇచ్చే ఇంటి పన్ను రసీదు తెలిసినదే. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం కింద చాలాకాలం ఈ పన్నును ఇంటి వార్షిక అద్దె విలువను బట్టి వేశారు. ఇల్లు ఊరిలో ఏ భాగంలో ఉంది, పెంకుటిల్లా డాబానా, ఎంత వైశాల్యం, కట్టి ఎన్నాళ్లయింది అని చూసి లెక్క కట్టేవారు. ఒకసారి కట్టిన ఆ లెక్క ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయేది. స్థలాల ధరలు ఎన్ని రెట్లు పెరిగినా రసీదు మీద అంకె మాత్రం దాదాపు అలాగే ఉండేది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి, నవంబరు 24న 198వ నంబరు జీవో ద్వారా పద్ధతిని మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుండి అద్దె విలువ స్థానంలో మూలధన విలువ వచ్చింది. అంటే రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం స్థలానికీ కట్టడానికీ కలిపి ఎంత విలువ ఉందో దానిలో కొంత శాతం పన్ను. నివాస గృహాలకు ఆ శాతం 0.10 నుండి 0.50 లోపు ఉండాలన్నారు. యజమాని తానే నివసించే 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. ఆ మార్పు మీద అప్పట్లో చాలా పట్టణాల్లో నిరసనలు జరిగాయి. పాత ఇళ్లవారికి ఒక్కసారిగా భారం పడకుండా, కొత్త లెక్క ఎంత చూపినా అంతకు ముందు కడుతున్న పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెరగరాదని ఒక హద్దు పెట్టారు. కొత్తగా కట్టిన ఇంటికి ఆ హద్దు వర్తించదు. దానికి మొదటి నుండే కొత్త లెక్క.

దీని ఫలితం ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు సులువుగా అర్థం కావడానికి నేను అనుకున్నవి మాత్రమే. ఒకే వీధిలో పక్కపక్కనే రెండు ఇళ్లు. రెండింటి విలువా చెరి 20 లక్షలు. కొత్త లెక్కలో 0.15 శాతం చొప్పున ఒక్కొక్కదానికి 3,000 రూపాయల పన్ను. మొదటిది నాన్నగారి నాటి ఇల్లు, పాత పన్ను 1,000 రూపాయలు. రెండవది బ్యాంకు లోను తీసుకొని ఒక డ్రైవరు కొత్తగా కట్టుకున్న ఇల్లు. డ్రైవరు మొదటి ఏడాదే 3,000 కడతాడు. పాత ఇంటివారు 1,150, తరువాతి ఏడాది 1,322, ఇలా కడుతూ పోతే ఐదవ ఏటికి రెండు వేలు దాటుతుంది, ఎనిమిదవ ఏటికి గాని మూడు వేలు చేరదు. ఈ లోపల స్థలాల విలువలను మళ్లీ పెంచితే ఆ చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. ఈ ఏళ్ల మధ్యలో నాన్నగారు పోయి ఇల్లు కొడుకు పేరు మీదికి మారిందనుకోండి. పేరు మారుతుంది గాని అసెస్‌మెంటు మారదు. తండ్రి కోసం ఉన్న ఊరట కొడుకుకు అందుతుంది. ఆ కొడుకు హైదరాబాదులో మంచి ఉద్యోగంలో ఉండి, ఇల్లు అద్దెకు ఇచ్చుకున్నా సరే, అందుతుంది. హద్దు శాతాన్ని ప్రభుత్వాలు ఎప్పుడైనా మార్చవచ్చు. కాని ఇక్కడ తలెత్తిన ప్రశ్న మాత్రం మారదు.

ఈ ప్రశ్న మనకు కొత్త గాని, లోకానికి కొత్త కాదు. మన ప్రాంతపు పిల్లలు ఎందరో వెళ్లి స్థిరపడిన కాలిఫోర్నియా రాష్ట్రంలో దీని మీద దాదాపు అర్ధ శతాబ్దంగా వాదన నడుస్తోంది. 1970లలో అక్కడ ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి, వాటితో పన్నులూ పెరిగాయి. పింఛను మీద బతికే వృద్ధులు పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని భయపడ్డారు. 1978 జూన్ 6న ప్రజలు ఓటు వేసి 13వ ప్రతిపాదనను చట్టం చేసుకున్నారు. పన్ను ఇంటి విలువలో ఒక శాతం మించకూడదు, ఇంటి లెక్క విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడే అప్పటి మార్కెట్ ధరకు తిరిగి లెక్క కట్టాలి అన్నది దాని సారం. ముసలి తల్లిదండ్రుల ఇల్లు నిలిచింది. అంతవరకు ఎవరూ తప్పు పట్టలేని పని.

అయితే 1986లో 58వ ప్రతిపాదన వచ్చింది. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు ఇల్లు వచ్చినప్పుడు దానిని చేతులు మారినట్టు లెక్కించవద్దని, పాత తక్కువ పన్నే బిడ్డలకు కొనసాగించాలని దాని భావం. బిడ్డలు ఆ ఇంట్లో ఉండాలన్న షరతు కూడా లేదు. ఉండకుండా నేటి ధరకు అద్దెకు ఇచ్చుకొని, పన్ను మాత్రం నాటి లెక్కన కట్టుకోవచ్చు. 2020 నవంబరులో ప్రజలు మళ్లీ ఓటు వేసి 19వ ప్రతిపాదనతో దీనిని బిగించారు. 2021 ఫిబ్రవరి 16 తరువాత తల్లిదండ్రుల ఇల్లు పొందిన బిడ్డ అందులో తాను కాపురం ఉంటేనే పాత లెక్క నిలుస్తుంది, అది కూడా ఒక హద్దు వరకే. అంటే 34 సంవత్సరాల తరువాత ఆ సమాజం తనను తాను ఒక ప్రశ్న వేసుకుంది: మనం ఈ ఊరట ఎవరి కోసం పెట్టుకున్నాము?

మధ్యలో ఆ దేశపు సుప్రీంకోర్టు ముందుకు కూడా ఈ విషయం వెళ్లింది. లాస్ ఏంజిల్స్‌లో ఒక మహిళ 1988లో 1,70,000 డాలర్లకు ఇల్లు కొన్నారు. అలాంటి ఇళ్లలోనే ముందు నుండి ఉంటున్న ఇరుగుపొరుగు వారికంటే ఆమెకు సుమారు ఐదు రెట్లు పన్ను పడింది. ఇది సమానత్వమా అని ఆమె అడిగారు. 1992 జూన్‌లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు మరొకవైపు నిలిచి తీర్పు ఇచ్చారు. పాత కాపురాలు చెదిరిపోకుండా చూడడం, మొదటి నుండి నమ్ముకొని ఉన్నవారి నమ్మకాన్ని నిలబెట్టడం రాష్ట్రానికి తగిన కారణాలేనని, చట్టం చెల్లుతుందని ఎక్కువమంది అన్నారు. ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పగలదు. చెల్లే చట్టం వల్ల వచ్చిన లాభాన్ని నేను ఏ మనసుతో తీసుకోవాలో కోర్టు చెప్పదు. అది నేను చెప్పుకోవలసిన జవాబు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉమ్మడి బరువులను, మేళ్లను పంచుకోవడంలో ఉండే న్యాయాన్ని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వేరుగా గుర్తించి మాట్లాడాడు. పునీత తోమాసు అక్వినాసువారు దానిని మనకు ఇంకా విశదంగా చెప్పారు. ఈ న్యాయంలో అందరికీ ఒకే కొలత కాదు, ఎవరి స్థితికి తగినట్టు వారికి. పెళ్లి పల్లకీని నలుగురు మోస్తున్నప్పుడు ఒకరికి కాలు నొప్పి అయితే మిగతా ముగ్గురూ కొంచెం ఎక్కువ బరువు తీసుకుంటారు. అందులో అన్యాయం లేదు, ప్రేమ ఉంది. కాని ఆ కాలు నొప్పివాని స్థానంలోకి దృఢకాయుడైన కొడుకు వచ్చి, మా నాన్నకు తగ్గించారు గనుక నాకూ తగ్గించండి అంటే ఏమంటాము? నీ తండ్రి స్థానం నీకు వచ్చింది గాని, ఆయన కాలు నొప్పి నీకు రాలేదు కదా అంటాము.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. రాయితీ గోడలకు ఇచ్చినది కాదు, మనిషికి ఇచ్చినది. మనిషి కష్టాన్ని చూసి ఇచ్చినది. ఇల్లు ఆస్తి గనుక వారసులకు వస్తుంది. కష్టం ఆస్తి కాదు. కష్టం వారసులకు వస్తే దానితోపాటు రాయితీ రావచ్చు. కష్టం రాకుండా రాయితీ ఒక్కటే వస్తే, అది మన వాటా బరువును పక్కింటివారి భుజం మీద పెట్టడమే అవుతుంది.

దీనికి ఎదురు మాటలు ఉన్నాయి. వాటిని తేలికగా తీసిపారవేయకూడదు.

మొదటిది, ఇల్లు ఉన్నంత మాత్రాన చేతిలో డబ్బు ఉన్నట్టు కాదు అన్నది. ఇది ముమ్మాటికీ నిజం. స్థలం విలువ కాగితం మీద పెరుగుతుంది, కంచంలోకి రాదు. పెళ్లి చేసుకోకుండానో, పెళ్లై తిరిగి వచ్చో, పదేళ్లు తల్లికి సేవ చేసి, ఆ ఇంట్లోనే కుట్టుమిషను మీద బతుకుతున్న కూతురు ఉంటుంది. తల్లి పోయిన మరునాడు ఆమె పన్ను మూడింతలు చేస్తే అది న్యాయం కాదు, క్రూరత్వం. ఆమె విషయంలో ఇంటితోపాటు కష్టం కూడా వారసత్వంగా వచ్చింది. కాబట్టి రాయితీ కూడా రావలసిందే. అడుగు పెట్టని కొడుకును, అక్కడే బతుకుతున్న కూతురును చట్టం ఒకే గాటన కట్టవచ్చు గాని మనం కట్టకూడదు.

రెండవది, ఇది మా నాన్న చెమటోడ్చి కట్టిన ఇల్లు, దీని మీద మళ్లీ ఎక్కువ పన్ను ఏమిటి అన్నది. నాన్న చెమటను ఎవరూ కాదనరు. మన దేశంలో 1953లో వచ్చిన ఎస్టేట్ సుంకాన్ని 1985లో ఎత్తివేశారు. ఆనాటి నుండి వారసత్వంగా ఆస్తి వచ్చినందుకు మనం ప్రత్యేకంగా పన్ను కట్టడం లేదు. అంటే నాన్న చెమట ఫలం మనకు పూర్తిగా దక్కుతోంది. ఇంటి పన్ను అనేది ఆ చెమట మీద వేసేది కాదు. ఇంటి ముందు రోడ్డుకు, కాలువ పూడిక తీయడానికి, వీధి దీపానికి, కుళాయి నీటికి ఏడాదికోసారి మనం ఇచ్చే వాటా. దానితోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడతాము. మన పేదపిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే గ్రంథాలయాలకు అది వెళుతుంది. పైగా నాన్నగారి స్థలం విలువ పెరిగింది ఆయన చెమట ఒక్కదానితోనే కాదు. ఊరు పెరిగింది, రోడ్డు పడింది, బడి వచ్చింది. ఊరు పెంచిన విలువలో ఊరికి కొంత ఇవ్వడం దానం కాదు, బాకీ.

మూడవది అందరమూ అనే మాట. కాలువలు తీయరు, దోమలు పోవు, మరి పన్ను ఎందుకు? ఈ కోపం చాలాసార్లు సరైనదే. కాని ఈ కోపం కొత్త ఇంటి డ్రైవరుకు కూడా ఉంది. అతడూ అదే కాలువ పక్కన ఉన్నాడు, అవే దోమలు కుట్టించుకుంటున్నాడు, కాని ఎక్కువ కడుతున్నాడు. సేవలు బాగుండకపోతే వార్డు కౌన్సిలరును అడగాలి, కమిషనరుకు అర్జీ పెట్టాలి. ఎవరి వాటా వారు కట్టినప్పుడే అలా అడిగే నోరు గట్టిగా ఉంటుంది.

ఇక్కడ మనం గుడివారము కూడా ఒకటి ఒప్పుకోవాలి. ప్రజలు ఆరాధనకు కూడే స్థలాలకు చట్టం ఇంటి పన్ను మినహాయించింది. అన్ని మతాలవారికీ ఇది ఉంది, మనకూ ఉంది. కాబట్టి రాయితీ గురించి ఇతరులకు చెప్పే ముందు మనకు వచ్చిన రాయితీకి ప్రతిఫలంగా ఊరికి ఏమి చేస్తున్నామో మన విచారణ సంఘాలు కూడా అప్పుడప్పుడు లెక్క చూసుకోవాలి. పన్నులు చెల్లించడం నైతిక బాధ్యత అని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2240వ సంఖ్యలో బోధిస్తోంది. రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో పునీత పౌలు చెప్పిందీ ఇదే. ఎవరికి రావలసినది వారికి ఇవ్వడం భక్తికి బయట ఉన్న పని కాదు.

మరి ముసలివారిని కాపాడుతూనే వారసుల అనవసర లాభాన్ని ఆపడం సాధ్యమా? సాధ్యమే. కాలిఫోర్నియాలోనే 62 ఏళ్లు దాటిన తక్కువ ఆదాయం గలవారు తమ ఇంటి పన్నును వాయిదా వేసుకునే పథకం ఒకటి ఉంది. వారి తరఫున రాష్ట్రం కడుతుంది. ఆ మొత్తం ఇంటి మీద బాకీగా ఉండి, ఇల్లు అమ్మినప్పుడో, చేతులు మారినప్పుడో వడ్డీతో వసూలవుతుంది. వృద్ధురాలు బతికినంతకాలం నిశ్చింతగా ఉంటుంది. ఇల్లు పొందేవారు ఇంటితోపాటు దాని బాకీని కూడా పొందుతారు. మన చట్టాలు చేసేవారు ఇలాంటి మార్గాలను ఆలోచిస్తే బాగుంటుంది. అంతవరకు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, పేరు మార్చుకుందాం. తండ్రి పోయి ఎన్నో ఏళ్లు గడిచినా రసీదులు ఆయన పేరు మీదే వస్తున్న ఇళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు తీసుకొని వెళ్లి మ్యుటేషన్ చేయించుకోవాలి. విల్లు లేకుండా పోయిన క్రైస్తవ తండ్రి ఆస్తిలో 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంది. తండ్రి పేరును అలాగే ఉంచడం ఒక్కొక్కసారి పన్ను కోసం కాదు, ఆడపడుచుల వాటా మాట రాకుండా ఉండడానికి. అది ఇంకా పెద్ద అన్యాయం.

రెండు, ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం. తండ్రి నాటి అసెస్‌మెంటులో రెండు గదుల పెంకుటిల్లు అని ఉంటుంది. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల డాబా, కింద రెండు షాపులు, పైన అద్దెకు ఒక వాటా ఉంటాయి. ఇది వారసత్వపు రాయితీ కాదు. ఇది దాపరికం. ఇంతవరకు చెప్పుకున్న వాదాలు ఏవీ దీనికి అడ్డం రావు. బిల్ కలెక్టరు చేతిలో ఏదో పెట్టి ఆ పెంకుటిల్లును కాగితం మీద బతికించుకోవడం రెండు తప్పులు కలిపి చేయడమే.

మూడు, చట్టమే తక్కువ వేస్తే ఎక్కువ కట్టే దారి మనకు ఉండకపోవచ్చు. అప్పుడు మిగిలినదానిని ఊరి సొమ్ముగా మనసులో ఉంచుకుందాం. ఆ ఇంట్లో అద్దెకు ఉన్నవారి మీద ఏటేటా అద్దె పెంచే ముందు మనకు తగ్గిన పన్నును గుర్తు చేసుకుందాం. వీధిలో ఒక పేద విద్యార్థి ఫీజుకు, ఒక రోగి మందులకు దానిని చేరనిద్దాం. పన్ను లెక్కలు సవరించే రోజు వచ్చినప్పుడు పేదవారి ఇళ్ల పేరు చెప్పి మన ఇళ్లను దాచుకోకుండా ఉందాం.

ప్రియ పాఠకులారా, ఇప్పటికే ఇల్లు వారసత్వంగా పొందినవారు ఈ ఆదివారం సాయంత్రం బీరువాలో ఉన్న పన్ను రసీదును ఒకసారి బయటికి తీయండి. దాని మీద ఎవరి పేరు ఉంది, ఏ కట్టడం రాసి ఉంది, ఎంత మొత్తం ఉంది చూడండి. తరువాత మీ వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ఎంత కడుతున్నారో అడిగి తెలుసుకోండి. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాకు మీ ఇంట్లో నిజంగా ఒక కష్టం కారణమైతే నిశ్చింతగా ఉండండి, అది మీకు న్యాయంగా వచ్చినదే. కష్టమేమీ లేకపోతే, ఆ తేడాను ఎవరు మోస్తున్నారో మీ పిల్లలను కూర్చోబెట్టుకొని చెప్పండి. రేపు ఇల్లు వారికి ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా వారికి ఇచ్చినవారవుతారు.